‘ఎక్కడికి?’ అని అడిగే ఉద్యోగం

మా వీధిలో నన్ను ఇప్పటికీ ‘రోడ్డు మేడమ్’ అంటారు. కంచరపాలెంలో పుట్టి, రైలు గేటు పడినప్పుడల్లా ఆగిన బండ్లు లెక్కపెడుతూ పెరిగినదాన్ని. పెద్దయ్యాక అదే పనికి జీతం ఇస్తామంటే కాదనలేకపోయాను. ఏ రోడ్డు మీద ఎన్ని బండ్లు వెళ్తాయి, ఎటు తిరుగుతాయి, ఎక్కడ ఇరుక్కుంటాయి అని తేల్చి చెప్పడమే నా సర్వీసంతా నేను చేసిన పని. మా లెక్క చూసి పైవాళ్లు రోడ్డు వెడల్పు చెయ్యాలా, సిగ్నల్ పెట్టాలా, డివైడర్ కట్టాలా అని నిర్ణయిస్తారు. లెక్క తప్పయితే తిట్లు మాకు, ఒప్పయితే శంకుస్థాపన వాళ్లకి.

ఈ మధ్య ఈ ఉద్యోగంలో చేరబోతున్న పిల్లలిద్దరు ఇంటికొచ్చి, “మేడమ్, ముందుగా ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?” అని అడిగారు. “ముందు ఎండలో నిలబడడం నేర్చుకోండి” అన్నాను. మర్యాదగా టీ తాగి వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు. వాళ్లకి నోటితో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

మనల్ని ఎవరనుకుంటారంటే

మెరిసే పసుపు జాకెట్ వేసుకుని రోడ్డు పక్కన నిలబడగానే మీరు ఇంజినీరు కాకుండా పోతారు. హెల్మెట్ లేనివాడు మిమ్మల్ని పోలీసనుకుని సందులోకి దూరిపోతాడు. ఇల్లు రోడ్డుకి ఆనుకుని ఉన్నవాడు, ఆ ఇల్లు కొట్టేయడానికి వచ్చారనుకుంటాడు. ఒక ముసలాయన నా పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని, సాయంత్రం వరకూ, “ఏటమ్మా, మా అరుగు పోద్దా?” అని అడుగుతూనే ఉన్నాడు. పోదని ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. చివరికి పోతుందేమో అన్నాను. “అదీ, అలా నిజం సెప్పు” అని స్థిమితపడి ఇంటికి వెళ్లాడు.

లెక్క సంగతి కూడా ముందే చెప్పాలి. మాకో ఫారం ఉంటుంది. కారుకి ఒక గడి, లారీకి ఒకటి, బస్సుకి, ఆటోకి, బైకుకి, సైకిలుకి తలా ఒకటి. ఎడ్లబండికి కూడా ఒక గడి ఉంటుంది. నగరంలో ఎడ్లబండి చూసి ఏళ్లయినా ఆ గడి మాత్రం పోలేదు. రోజూ దానిలో సున్నా వేసేవాళ్లం. ఆ ఫారంలో ఎవరికి గడి ఉంది, ఎవరికి లేదు అని నేను ఆలోచించడానికి చాలాకాలం పట్టింది. ఆ ఆలోచన వచ్చింది దువ్వాడ వైపు రోడ్డు మీద.

చలపతిరావు గారు

అంతకుముందు మా బాసు గురించి చెప్పాలి. చలపతిరావు గారు మంచి మనిషి, తెలివైనవాడు, కాకపోతే ఆ సంగతి ఆయనకి కొంచెం ఎక్కువగా తెలుసు. ఎవరు ఏం చెప్పబోయినా చెయ్యి అడ్డంపెట్టి, “డేటా మాట్లాడాలమ్మా, మనం కాదు” అనేవారు. పెళ్లి భోజనంలో పప్పులో ఉప్పు తక్కువైందని ఎవరో అంటే కూడా ఆ మాటే అన్నారని చెప్పుకునేవాళ్లు.

నమ్మకాలంటే ఆయనకి మంట. ఆయుధ పూజనాడు ఆఫీసు జీపుకి గుమ్మడికాయ కొడితే, టైర్ల కింద నిమ్మకాయలు ఉన్నంతసేపు ఆ జీపు ఎక్కనన్నారు. తుమ్మినా ఆగరు, పిల్లి ఎదురొచ్చినా ఆగరు. అంటే మా అందరి ముందూ ఆగరు.

నేను పనిచేసిన బాసుల్లో నాకు ఎక్కువ నేర్పింది ఈయనే. అందులో సగం ఆయన నేర్పాలనుకున్నది కాదు.

గ్యాప్ పక్కన గొడుగు

దువ్వాడ స్టేషన్ చుట్టుపక్కల కాలేజీలొచ్చాయి, వాటి వెనకాల అపార్ట్‌మెంట్లొచ్చాయి, వాటి వెనకాల ఇంకా రంగు వెయ్యని అపార్ట్‌మెంట్లొచ్చాయి. ఒకప్పుడు బస్సు వచ్చిందంటే జనం బయటికొచ్చి చూసిన రోడ్డు మీద ఇప్పుడు బస్సుకే దారి దొరకడం లేదు. రోడ్డు మధ్య పొడుగునా డివైడర్ కట్టాలని నిర్ణయించారు. లారీలు తూచే పాత వేబ్రిడ్జి దగ్గర మాత్రం డివైడర్‌లో ఒక గ్యాప్ ఉంచాలా, మూసెయ్యాలా అన్నది తేలలేదు. అది తేల్చమని మమ్మల్ని పంపారు.

అప్పటికి అక్కడ తాత్కాలికంగా సిమెంటు దిమ్మలు పెట్టి, మధ్యలో గ్యాప్ వదిలారు. ఆ గ్యాప్ పక్కనే, స్టేషన్ వైపు, పెద్ద గొడుగు కింద నూకమ్మ చేపలమ్మేది. తెల్లారేసరికి హార్బరులో సరుకు కొని, ఆటోలో వేసుకుని ఇక్కడికి వచ్చేది. ఐసుపెట్టె, సిల్వర్ బేసిను, కత్తిపీట, ఇవే ఆమె దుకాణం. కొనేవాళ్లలో ఎక్కువమంది రోడ్డుకి అవతలి కాలనీలవాళ్లు. గ్యాప్‌లోంచి నడిచొచ్చి, చేప కోయించుకుని, నడిచి వెళ్లేవాళ్లు. నూకమ్మ వాళ్ల ఆయన నడుం నొప్పితో బోటు ఎక్కడం మానేశాడు. ఇల్లు ఆ బేసిను మీదే నడుస్తోంది.

రోడ్డుకి ఇటువైపు నీడ అక్కడొక్కటే ఉంది కాబట్టి నేనూ ఆ గొడుగు కిందే కుర్చీ వేసుకున్నాను. ఎటు తిరిగే బండ్లు ఎన్నో నా కళ్లతో లెక్కపెడుతున్నాను. ఎదురుగా స్తంభానికి మా కెమెరా కూడా ఉంది. కొంచెం ముందర, కొత్త కాలనీల నుంచి నగరం వైపు వచ్చే బండ్లని మావాళ్లు అక్కడక్కడ ఒకటి చొప్పున ఆపి, ఎక్కడికి, ఎక్కడి నుంచి, ఏ పని మీద అని అడిగి రాసుకుంటున్నారు.

చలపతిరావు గారు తనిఖీకని రోజూ వచ్చేవారు. కారు అవతలి వైపు వేపచెట్టు నీడలో పెట్టించి, ఎటో నడిచి వెళ్లి, కాసేపటికి ఫోన్ చేసి అంతా బాగుందా అని అడిగేవారు. నాకు ఎదురుపడేవారు కాదు. మామీద అంత నమ్మకం అనుకున్నాం.

పెళ్లిచూపుల ఆటో

మొదటి రోజు పొద్దున్నే నా లెక్క గాడి తప్పింది. గ్యాప్ దగ్గర వెనక్కి తిరిగే బండ్లు ఆగడం లేదు. నగరం వైపు వచ్చిన బండి వచ్చినట్టే తిరిగి కాలనీ వైపు వెళ్లిపోతోంది. ఇన్ని బండ్లు ఇక్కడిదాకా వచ్చి ఎందుకు వెనక్కి పోతున్నాయో అర్థం కాలేదు. ఫోన్‌లో చెబితే చలపతిరావు గారు పొంగిపోయారు. “చూశావా? జోరుగా వచ్చే బండ్ల మధ్యలో ఇన్ని బండ్లు తిరుగుతున్నాయంటే ప్రమాదం. ఆ గ్యాప్ మూసెయ్యాల్సిందే. డేటా మాట్లాడుతోంది.”

ఇంతలో ఒక ఆటో తిరిగింది. బంతిపూల దండ వేసి ఉంది కాబట్టి గుర్తుపట్టాను, అంతకుముందు కూడా తిరిగింది అదే. మూడోసారి కూడా అదే తిరుగుతుంటే లేచి చెయ్యెత్తాను. ముందు సీట్లో డ్రైవరు పక్కన స్టీలు ప్లాంటు ఉద్యోగి ఒకాయన, పేరు అప్పలరాజని తర్వాత తెలిసింది. వెనక ఆయన భార్య, ఇస్త్రీ చొక్కాలో కొడుకు, ఒళ్లో పళ్లబుట్టతో ఒక పెద్దావిడ.

“ఏమండీ, ఏమైనా మర్చిపోయారా?” అన్నాను.

“మర్సిపోడవేటి మేడమ్. పిల్లోడికి సంబంధం సూడ్డానికి గాజువాక ఎల్తన్నాం. మంచి గెడియ సూసుకుని బయల్దేరినాం. మీవోడు సెయ్యడ్డమెట్టి ‘ఎక్కడికి’ అన్నాడు. సుబమా అని ఎల్తంటే అలాగడిగితే ఎవుడైనా ఎల్తాడా? ఎనక్కెల్లి, కాల్లు కడుక్కుని, మంచినీల్లు తాగి, కాసేపు కూకుని మల్లీ వొచ్చినాం. మల్లీ అడిగినాడు. మల్లీ ఎల్లినాం. ఇదిగో, మల్లీ అడిగినాడు. ఆడపిల్లోల్లు పకోడీలు ఏయించుకుని కూకున్నారు. మా పిల్లోడి పెల్లంటే గవర్మెంటుకి ఎందుకమ్మా అంత కచ్చ?”

“నాకు కడుపంతా నీల్లే” అంది లోపల్నించి ఆయన భార్య.

నాకు తల తిరిగిపోయింది. మా అమ్మ బతికున్న రోజుల్లో చెప్పులు వేసుకున్న మనిషిని ‘ఎక్కడికి’ అని అడిగితే వీపు మీద ఒకటి పడేది. అడగాలంటే ‘దూరమా’ అని అడగాలి. బండ్లు ఆపి రాసుకునే ఫారంలో ‘ఎక్కడికి’ మొదటి ప్రశ్నగా ఉండడం నేనూ చూశాను. ఇంట్లో తప్పయిన మాట ఆఫీసు కాగితం మీద తప్పని ఎందుకు అనిపించదో నాకు ఇప్పటికీ తెలీదు.

అందరూ వెనక్కి తిరగలేదు, నిజం చెప్పాలి. షిఫ్టుకి లేటయినవాడికి శకునాలుండవు. కానీ అది మాఘమాసం. పెళ్లిచూపులవాళ్లు, బట్టలకి వెళ్లేవాళ్లు, స్థలం రిజిస్ట్రేషన్‌కి వెళ్లేవాళ్లు, కొత్త బండి తెచ్చుకోవడానికి వెళ్లేవాళ్లు, అందరూ రోడ్డు మీదే ఉన్నారు. మేం అడుగుతున్నాం, వాళ్లు తిరుగుతున్నారు, నేను లెక్కపెడుతున్నాను. ఆ రోడ్డు మీద లేని ట్రాఫిక్‌ని మా సర్వేయే పుట్టిస్తోంది.

మావాళ్లందర్నీ పిలిచి, ఇక మీదట వెళ్లేవాళ్ల జోలికి పోవద్దు, అవతలి వైపు నిలబడి ఇంటికి వచ్చేవాళ్లని మాత్రం ‘ఎక్కడి నుంచి వస్తున్నారు’ అని అడగమన్నాను. ఈ ఉద్యోగంలో నేను చేసిన మంచి పనుల్లో ఇదొకటి. ఇంటికి పోయే మనిషికి తొందర ఉండదు, శకునం ఉండదు. అడిగినదానికి చెప్పి, అడగనిది కూడా చెబుతాడు. ఒకాయనైతే బావమరిదితో పొలం తగాదా మొత్తం చెప్పి, న్యాయం ఎవరివైపుందో రాయమన్నాడు.

సాయంత్రం బంతిపూల ఆటో తిరిగొచ్చింది. అప్పలరాజు తనే ఆపించి దిగాడు. నేను నూకమ్మ గొడుగు వెనక్కి జరిగాను.

“ఎందుకు లేటయిందని పిల్లే అడిగినాదంట మావోణ్ని. ఉన్నమాట సెప్తే నవ్వీసినాదంట. కుదిరిపోనాది మేడమ్” అని నా చేతిలో ఒక లడ్డూ పెట్టాడు.

ఫారంలో ప్రయాణ కారణం దగ్గర ఉన్నవి ఉద్యోగం, చదువు, కొనుగోలు, వైద్యం, వినోదం. పెళ్లిచూపులు దేని కింద రాయాలని చలపతిరావు గారిని ఫోన్‌లో అడిగాను. కాసేపు ఆలోచించి, “వినోదం” అన్నారు.

ఎక్కువైనా మూతే, తక్కువైనా మూతే

ఆటో సంగతి చెబితే బాస్‌కి నవ్వు రాలేదు. “ఈ రోజుల్లో ఇంకా ఇవేం మూఢనమ్మకాలమ్మా? రిపోర్టులో ఇవన్నీ రాయలేం. ఆ పొద్దుటి లెక్క తీసేసి మిగతా రోజులది వెయ్యి” అన్నారు. నేను సంతోషించాను, గ్యాప్ బతికిందనుకున్నాను.

మిగతా రోజుల్లో ప్రశ్న మారింది కాబట్టి బండ్లు తిరగడం దాదాపు ఆగిపోయింది. ఆ లెక్క చూసి చలపతిరావు గారు కళ్లజోడు సర్దుకున్నారు.

“ఇంత తక్కువమంది తిరుగుతుంటే ఇక్కడ గ్యాప్ ఎందుకు? అనవసరం. మూసేద్దాం.”

“మొన్న ఎక్కువమంది తిరుగుతున్నారని మూసేద్దామన్నారు కదా సార్?”

“అప్పుడు ప్రమాదమని మూసేద్దామన్నాను. ఇప్పుడు అనవసరమని మూసేద్దామంటున్నాను. రెండు వేర్వేరు కారణాలు.”

ఇలాంటి బాసులు మీకూ దొరుకుతారు. ఏ లెక్క చూపించినా ముందే అనుకున్న చోటికే వెళ్తారు. వాళ్లతో లెక్కల్లో వాదించకండి.

ఈ కబురు నూకమ్మకి ఎవరు చెప్పారో తెలీదు. మర్నాడు నేను కుర్చీ వేసుకోగానే కత్తిపీట ఆపింది.

“మూసేత్తారంట గదమ్మా?”

“ఇంకా తేలలేదు.”

“తేలిపోనాది నీ మొకంలో. నాను ఈ వోర కూకున్నాను. కొనేవోల్లు ఆ వోర ఉన్నారు. మద్దిన గోడ కట్టీసి ఆ సివరెక్కడో తిరిగి రమ్మంటే, పావు కేజీ కానాగంతల కోసం ఎవుడొత్తాడు?”

“నువ్వే అటు వెళ్లి కూర్చుంటే?”

“అటేపు ఒకల్లకొకలు సోట్లు పంచీసుకున్నారు. ఇక్కడ ఈ గొడుగు పాతుకోడానికే నాకెన్నేల్లు పట్టిందో నీకేటి తెలుసు. మా ఆయన సూత్తే మంచం మీదున్నాడు.” బేసిన్లో చేపల మీద నీళ్లు చల్లి, “నీ కుర్సీకి నీడిచ్చినాను గదమ్మా. ఓ మాట సెప్పు పైవోల్లకి” అంది.

నాకు సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. ఆ రోజు బండ్లు లెక్కపెట్టడం కెమెరాకి వదిలేసి ఊరికే గ్యాప్ వంక చూస్తూ కూర్చున్నాను. బండి ఎప్పుడో ఒకటి తిరుగుతోంది. మనుషులు మాత్రం ఆగడం లేదు. రైలు దిగి సంచులతో వచ్చేవాళ్లు, కాలేజీ ఆడపిల్లలు, డ్యూటీ దిగి స్టేషన్‌కి పోయేవాళ్లు, నీళ్లు కారే కవరుతో చేపలు పట్టుకెళ్లేవాళ్లు. వాళ్లెవరూ మా లెక్కలో లేరు. కనబడని ఎడ్లబండికి గడి ఉంది, కళ్ల ముందు నడిచే మనిషికి లేదు.

సార్ కూర్చున్న కాసేపు

ఆ సంగతి చెబుదామని చలపతిరావు గారి గదికి ఎన్నోసార్లు వెళ్లాను. “మనది బండ్ల సర్వే అమ్మా” అనేవారు, లేదా ఫోన్ ఎత్తేవారు. అప్పటిదాకా ఆయన నాతో కూర్చుని మాట్లాడింది లేదు. ఎప్పుడూ ఎక్కడికో బయల్దేరుతూనే ఉండేవారు.

రిపోర్టు మీద ఆఖరి మీటింగు రోజు వచ్చింది. ఫైలు చంకలో పెట్టుకుని, బూట్లు టకటకలాడిస్తూ వరండాలోకి వచ్చారు. కారు తలుపు తీసి ఉంది. ఆయన మీటింగుకి వెళ్తే గ్యాప్ పోయినట్టే. నాకేం తోచిందో, మెట్ల పక్కనుంచి ముందుకొచ్చి అడిగేశాను.

“ఎక్కడికి సార్?”

ఒక కాలు కారులో, ఒక కాలు నేల మీద, అలా ఆగిపోయారు. మెల్లగా నావైపు తిరిగారు. డ్రైవరు మొహం పక్కకి తిప్పుకున్నాడు. కారులో పెట్టిన కాలు బయటికొచ్చింది.

“కళ్లజోడు మర్చిపోయాను” అన్నారు. కళ్లజోడు మొహం మీదే ఉంది.

గదిలోకి వెళ్లి కుర్చీలో కూలబడ్డారు. గ్లాసులో మంచినీళ్లు పోసి ఇచ్చాను. తాగారు. తాగాక వెంటనే లేవకూడదు, కాసేపు కూర్చోవాలి. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఎదురు కుర్చీలో నేను కూడా కూర్చుని, ఫోన్ తీసి, కెమెరా పట్టిన వీడియో ఆయన ముందు పెట్టాను.

“బండ్లని చూడకండి సార్. నడిచేవాళ్లని చూడండి.”

లేవడానికి లేదు, ఫోన్ ఎత్తడానికి మనసు లేదు. చూశారు. సంచుల వాళ్లు దాటారు. ఆడపిల్లలు దాటారు. ఒక తల్లి పిల్లాణ్ని రెక్క పట్టుకుని దాటింది. తర్వాత వేపచెట్టు వైపు నుంచి ఒక పెద్దమనిషి, ప్యాంటు కాస్త పైకి లాక్కుని, అటూ ఇటూ చూసి, గ్యాప్‌లోంచి గొడుగు దగ్గరికి నడిచాడు. కాసేపటికి నల్ల కవరు వీపు వెనక దాచుకుని తిరిగి వెళ్లాడు. మర్నాటి వీడియోలో కూడా వెళ్లాడు. ఆ మర్నాడు కూడా. నేను టీకి లేచిన వేళ చూసి మరీ వెళ్లాడు.

ఆయన ఫోన్‌ని బల్ల మీద బోర్లించారు.

“వంజరమేనా సార్?” అన్నాను.

“చందువా” అన్నారు నెమ్మదిగా. “డాక్టరు ఎర్ర మాంసం మానేసి చేపలు తినమన్నాడు.”

“గ్యాప్ మూసేస్తే మీరు కూడా ఆ చివరిదాకా వెళ్లి తిరిగి రావాలి సార్. నూకమ్మకైతే తిరిగి వచ్చేవాళ్లే ఉండరు. డేటా మాట్లాడుతోంది.”

ఆయన ఫైలు ముందుకి లాక్కున్నారు. తిడతారనుకున్నాను. ఫైల్లోంచి ఒక కాగితం తీసి, వెనకవైపు తెల్లగా ఉన్నచోట పెన్ను పెట్టి, “నడిచేవాళ్ల సంగతి మొదట్నుంచి చెప్పమ్మా” అన్నారు. చెప్పాను. రాసుకున్నారు. మీటింగుకి ఆలస్యంగా వెళ్లారు.

గ్యాప్ పూర్తిగా నిలవలేదు, ఆ మాట కూడా చెప్పాలి. బండ్లు తిరగకుండా ఇనుప స్తంభాలు పాతి, మనుషులు దాటడానికి చారలు గీసి, చిన్న సిగ్నల్ పెట్టారు. స్తంభాల మధ్య ఎంత ఎడం ఉండాలని కాంట్రాక్టరు అడిగితే, నూకమ్మ బేసిను పట్టేంత అన్నాను. అయినా మన కుర్రాళ్లు హ్యాండిల్ వంకర తిప్పి బైకు దూరుస్తూనే ఉంటారు.

బండ్లకి మూసేశారని నూకమ్మ బాధపడుతుందేమోనని సంజాయిషీ చెప్పుకోవడానికి వెళ్లాను. ఆమె అప్పుడు కవళ్ల చేపలకి పొలుసు తీస్తోంది.

“బల్లు సేపలు తింటాయేటమ్మా? మనుసులే గదా తింటారు” అంది. నాకు కవళ్లు తూచి ఇస్తూ ఒకటి ఎక్కువ వేసింది.

ఆఖరి రోజు

ఆ తర్వాత మా ఫారంలో నడిచేవాళ్లకి గడి వచ్చింది. ఎడ్లబండి గడి కూడా అలాగే ఉంది, ఎవరికీ తియ్యాలనిపించలేదు. చలపతిరావు గారు నాకంటే ముందే రిటైరయ్యారు. వెళ్లేముందు కొత్తగా చేరినవాళ్లని కూర్చోబెట్టి, “వెళ్లేవాణ్ని అడగకండి, వచ్చేవాణ్ని అడగండి” అని పాఠం చెప్పారు. అది నా మాటని ఎక్కడా అనలేదు. పోనీలెండి, బాసు కదా.

నా రిటైర్మెంటు రోజు ఆయన వచ్చారు. శాలువా కప్పారు, ఉపన్యాసాలు అయ్యాయి, అందరూ నాకు ఆరోగ్యంగా ఉండమని చెప్పి ఎవరి సీట్లకి వాళ్లు వెళ్లిపోయారు. నేను సంచి భుజానికి వేసుకుని వరండా మెట్లు దిగుతున్నాను. ఇన్నేళ్లు రోజూ దిగిన మెట్లే, రేపట్నుంచి ఎక్కక్కర్లేదు. ఏడవకూడదని పొద్దున్నే గట్టిగా అనుకుని వచ్చాను.

ఆయన కారు దగ్గర నిలబడి ఉన్నారు. జుట్టంతా నెరిసింది.

“ఎక్కడికమ్మా, సత్యవతీ?” అన్నారు.

నేను ఆగాను. ఆయన మొహంలో నవ్వు లేదు, కళ్లలో ఉంది. వెనక్కి తిరిగి మెట్లెక్కాను. నా గదిలో పేరు పలక అప్పుడే తీసేశారు, కుర్చీ మాత్రం ఉంది. అందులో కూర్చున్నాను. ఎవరో గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి పెట్టారు. వెంటనే లేవకూడదు కాబట్టి, ఇంకా చాలాసేపు అక్కడే కూర్చున్నాను.